ముఖచిత్రానికెక్కిన చిన్న ఊరి అగ్నిమాపక దళం: ఏ కాలమో, ఏ ఊరో తేల్చుకునే పద్ధతి

అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లోనూ, వేలంపాటల్లోనూ, చిన్న ఊళ్ల అగ్నిమాపక కేంద్రాల గోడల మీదా ఒక తరహా బొమ్మ తరచుగా కనిపిస్తుంది. ఎర్రటి ఫైరింజను, దాని వెనుక మెట్టు మీద వేలాడుతూ కోటు గుండీలు పెట్టుకుంటున్న మనుషులు, పక్కన పరుగెత్తే కుర్రవాడు, వాడికంటే ముందు పరుగెత్తే కుక్క, వీటన్నిటికీ పైన ఒక వారపత్రిక పేరు. అది ఫలానా ఊరి స్వచ్ఛంద దళమేనని దుకాణదారు చెబుతాడు. ఆ ఊరివాళ్లు అంతకంటే గట్టిగా చెబుతారు. పక్క ఊరివాళ్లు కాదు, అది తమదంటారు. ఇలాంటి ముఖచిత్రం చేతికి వచ్చినప్పుడు అది అసలు ప్రతో నకలో, ఏ కాలానిదో, అందులోని దళం నిజంగా ఉన్నదో చిత్రకారుడు కల్పించినదో, ఉన్నదే అయితే ఏ ఊరిదో తేల్చుకోవడానికి ఏమేమి చూడాలో, ఏ వరుసలో చూడాలో ఇక్కడ వివరిస్తాను.

వరుసకు ప్రాధాన్యం ఇస్తున్నది ఊరికే కాదు. చాలామంది మొదట ఊరి పేరు పట్టుకుని, తర్వాత బొమ్మలో దానికి ఆధారాలు వెతుకుతారు. అలా వెతికితే ఆధారాలు తప్పకుండా దొరుకుతాయి, ఎందుకంటే ఆ దేశపు చిన్న ఊళ్లలో ఒక చర్చి గోపురం, ఒక ఇటుక మేడ, ఒక ఎర్ర బండి లేని ఊరు అరుదు. అందువల్ల కాగితంతో మొదలుపెట్టి, బండి, భవనం, మనుషులు, చిత్రకారుడు అన్న క్రమంలో నడిచి, ఊరిని చివరికి వాయిదా వేసుకోవాలి.

కాగితం, అచ్చు

ముఖచిత్రం పూర్తిగా ఉంటే తేదీ దాని మీదే ఉంటుంది కనుక మొదటి ప్రశ్నకు సమాధానం వెంటనే దొరుకుతుంది. కానీ ఇలాంటి బొమ్మలను ఫ్రేము కట్టించుకున్నవారు పత్రిక పేరు, ధర, తేదీ ఉన్న పైభాగాన్ని కత్తిరించి, బొమ్మ వరకే ఉంచుకోవడం మామూలు. అప్పుడు ముందుగా చేయవలసిన పని ఫ్రేము విప్పి వెనుకవైపు చూడటం. పత్రిక నుంచి చించిన అసలు అట్టకు వెనుకవైపు ఏదో ఒక ప్రకటన అచ్చయి ఉంటుంది. టైర్లదో, సూప్ డబ్బాలదో, రేడియోలదో ఆ ప్రకటన చాలాసార్లు బొమ్మకంటే కచ్చితంగా కాలాన్ని చెబుతుంది. వెనుకవైపు ఖాళీగా ఉంటే అది గోడకు తగిలించుకోవడానికి తర్వాత వేసిన ముద్రణ అనుకోవచ్చు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఉంటే ఈ సందేహం మరింత తొందరగా తీరుతుంది. పాత నాలుగు రంగుల అచ్చులో చుక్కలు క్రమబద్ధంగా, చిన్న చిన్న పూల ఆకారంలో పేర్చినట్టు ఉంటాయి. ఇటీవలి ఇంక్‌జెట్ ప్రింటులో అవి చల్లినట్టు, క్రమం లేకుండా ఉంటాయి.

ఈ తరహా ముఖచిత్రాల్లో అధిక భాగం చర్చకు వచ్చే పత్రిక శాటర్డే ఈవెనింగ్ పోస్ట్. 1821లో ఫిలడెల్ఫియాలో మొదలైన ఈ పత్రిక ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో లక్షలాది ఇళ్లకు చేరేది. చిన్న ఊరి మధ్యతరగతి జీవితాన్ని చిత్రించడం దాని ముఖచిత్రాలకు ఒక సంప్రదాయంగా మారింది. నార్మన్ రాక్‌వెల్ 1916 నుంచి 1963 వరకు దీనికి మూడు వందలకు పైగా ముఖచిత్రాలు వేశాడు. పత్రిక ధర 1942 వరకు 5 సెంట్లు, ఆ ఏడాది అది 10 సెంట్లయింది, ఆ దశాబ్దం చివరికి 15 సెంట్లకు చేరింది. కాబట్టి తేదీ చిరిగిపోయి ధర మిగిలి ఉన్నా సుమారైన కాలం తెలుస్తుంది. చందాదారు చిరునామా చీటీ అతికించి ఉంటే దాన్ని పీకవద్దు. నగరం పేరు తర్వాత ఒకటి రెండు అంకెల పోస్టల్ జోన్ సంఖ్య ఉంటే అది 1943కు తర్వాతిది, ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963కు తర్వాతిది.

రంగుల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పోస్ట్ పత్రిక ముఖచిత్రాలు చాలాకాలం రెండే రంగుల్లో, ప్రధానంగా ఎరుపు నలుపుల్లో అచ్చయ్యేవి. మొదటి పూర్తి వర్ణచిత్రం 1926 ఫిబ్రవరి 6 సంచికది. పాత రోజుల బోర్డులు రాసే చిత్రకారుణ్ణి చూపిన ఆ బొమ్మ కూడా రాక్‌వెల్ వేసినదే. అంటే మీ చేతిలోని పోస్ట్ ముఖచిత్రంలో ఆకాశం నీలంగా, గడ్డి ఆకుపచ్చగా ఉంటే అది 1926కు ముందుది కాదు. రెండే రంగులు అందుబాటులో ఉన్న చిత్రకారుడికి ఫైరింజను అంత సులువుగా ఒదిగే వస్తువు మరొకటి దొరకదని నాకనిపిస్తుంది. హెల్మెట్, చొక్కా, బండి, మంట అన్నీ ఉన్న ఎరుపులోనే సరిపోతాయి, పొగకూ బూట్లకూ నలుపు ఉంది. అయితే ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. రెండు రంగుల బొమ్మలో ఫైరింజను ఎర్రగా ఉన్నంత మాత్రాన ఆ ఊరి బండి నిజంగా ఎర్రదని అర్థం కాదు. తెల్ల బండ్లూ, పసుపు బండ్లూ, ఆకుపచ్చ బండ్లూ కొన్న దళాలు ఉన్నాయి. చిత్రకారుడి దగ్గర ఆ రంగులు లేకపోయి ఉండవచ్చు, ఉన్నా పాఠకుడికి తొందరగా తెలియడానికి ఎరుపే వాడి ఉండవచ్చు.

బండి

బొమ్మలోని వస్తువుల్లో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఫైరింజనే. దీన్ని గుర్తుపట్టడానికి కొంత చరిత్ర తెలిసి ఉండాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్, అతని మిత్రులు 1736 డిసెంబర్ 7న ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీని ఏర్పాటు చేసుకున్న కాలంలో సభ్యుడి ఆయుధాలు తోలు బకెట్లు, సామాను కాపాడే సంచులు. తర్వాత వచ్చినవి చేతులతో కొట్టే పంపులు. బండికి రెండువైపులా ఉన్న పొడవైన కడ్డీలను వరుసగా నిలబడిన మనుషులు పైకీ కిందికీ ఆడిస్తే నీళ్లు చిమ్మేవి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆవిరి పంపులు వచ్చాయి. వాటికి పదుల కొద్దీ మనుషులు అక్కరలేదు. 1853లో సిన్సినాటి నగరం ఆవిరి పంపుతో పాటు జీతాలిచ్చే దళాన్ని ఏర్పాటు చేసుకుంది, 1865లో న్యూయార్క్ నగరం కూడా స్వచ్ఛంద దళాలను వదిలి జీతగాళ్లను పెట్టుకుంది. పెద్ద నగరాలు వదిలేసిన చేతిపంపులు చాలావరకు చిన్న ఊళ్లకు చేరాయి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చిన్న ఊరి దళం వాడే సామాను ఆ కాలపు నగర దళం సామానుకంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు పాతది కావడం సహజం కనుక, బండి తయారైన సంవత్సరం బొమ్మ వేసిన సంవత్సరం కాదు. బొమ్మ అంతకంటే ముందుది కాదని మాత్రమే బండి రుజువు చేస్తుంది.

మోటారు బండ్లలో ముందు భాగాన్ని చూడండి. రేడియేటర్‌కు ముందు పెద్ద పంపు, దాని మీద మెరిసే గుండ్రని గోళం ఉంటే అది సిన్సినాటిలో తయారైన ఆరెన్స్-ఫాక్స్ బండి. ఆ గోళం అలంకారం కాదు, పిస్టన్ పంపు నుంచి నీరు దెబ్బలు దెబ్బలుగా కాకుండా సమంగా వెళ్లడానికి అమర్చిన గాలి గది. చిత్రకారులకు ఈ గోళమంటే మహా ఇష్టం, అందులో ఊరంతా ప్రతిబింబించేలా వేయవచ్చు కాబట్టి. అందువల్ల ఖరీదైన ఆ బండి నిజంగా లేని ఊళ్లు కూడా బొమ్మల్లో దాన్ని సంపాదించుకునే ప్రమాదం ఉంది. పొడవైన బానెట్, ఎత్తుగా బయటికే ఉన్న డ్రైవర్ సీటు, వెనుక చక్రాలను తిప్పే గొలుసు కనిపిస్తే న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో తయారైన అమెరికన్ లాఫ్రాన్స్ బండ్లతో పోల్చి చూడాలి. ఈ కంపెనీ తొలి నమూనాల్లో స్టీరింగ్ కుడివైపు ఉండేది. బానెట్ ముక్కు కిందికి వాలి, రేడియేటర్ వెనక్కి జరిగి ఉంటే మాక్ బండి కావచ్చు. ఇవేవీ కాకుండా మామూలు ఫోర్డు ట్రక్కు మీద నిచ్చెనలూ గొట్టాలూ కట్టిన బండి కనిపిస్తే మాత్రం నాకు ఆ బొమ్మ మీద నమ్మకం పెరుగుతుంది. డబ్బు లేని చిన్న ఊరు చేసేది అదే. కల్పించుకునే చిత్రకారుడు అంత బీద బండిని సాధారణంగా ఎంచుకోడు.

తలుపుల మీద, బానెట్ మీద రాసిన అక్షరాలను భూతద్దంతో చూడాలి. ‘హోస్ కంపెనీ నం. 1’, ‘హుక్ అండ్ లాడర్’, ‘ఇంజిన్ కంపెనీ’ వంటి పేర్లు ఊరికే పెట్టినవి కావు. ఒకే ఊళ్లో గొట్టాలకు ఒక దళం, నిచ్చెనలకు మరొకటి, పంపుకు ఇంకొకటి విడివిడిగా ఉండి, ఒకదానితో ఒకటి పోటీ పడిన రోజులు ఉన్నాయి. ఊరి పేరు చెరిపేసి దళం రకాన్ని మాత్రం ఉంచిన బొమ్మలో, ఆ రకం దళం అసలు ఏ ఊరికి ఉండేదో వెతికితే జాబితా తగ్గుతుంది. అక్షరాలు తిరగబడి ఉన్నా, స్టీరింగ్ ఉండవలసిన వైపు కాక రెండోవైపు ఉన్నా, చిత్రకారుడు ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పి వేశాడేమో ఆలోచించాలి. బొమ్మ కూర్పు కోసం అలా తిప్పడం తేలిక.

బండి చుట్టూ ఉన్న చిన్న వస్తువులు కూడా కాలాన్ని పట్టిస్తాయి. వీధి మలుపులో ‘స్టాప్’ పలక పసుపు మీద నల్ల అక్షరాలతో ఉంటే అది 1954కు ముందటి వీధి. ఎరుపు మీద తెల్ల అక్షరాలు ఆ ఏడాది జాతీయ ప్రమాణాలు మారిన తర్వాత వచ్చాయి. ఊరేగింపు బొమ్మ అయితే జెండాలోని నక్షత్రాలు లెక్కపెట్టవచ్చు. 1912 నుంచి 48, 1959 జులై 4 నుంచి ఒక్క ఏడాది 49, 1960 జులై 4 నుంచి 50. అయితే ముడతల్లో ఉన్న జెండాకు లెక్క చూసుకుని నక్షత్రాలు వేసే చిత్రకారుడు అరుదు కాబట్టి, దీన్ని ఇతర ఆధారాలకు తోడుగా తప్ప ఒంటరిగా వాడకూడదు.

భవనం, అలారం

అగ్నిమాపక కేంద్రంలో చూడవలసింది తలుపు కాదు, కప్పు. పక్కన సన్నని, ఎత్తైన, కిటికీలు తక్కువ ఉన్న బురుజు కనిపిస్తే అది చాలావరకు గొట్టాలు ఆరబెట్టే బురుజు. నూలు అల్లిక ఉన్న గొట్టాలను తడిగా చుట్టి పెడితే కుళ్లిపోతాయి కాబట్టి, ప్రతి మంట తర్వాతా వాటిని పొడవునా వేలాడదీసేవారు. ఆ బురుజు పైనే గంటో సైరనో అమర్చేవారు. గంట కొనలేని ఊళ్లు రైలింజను చక్రానికి తొడిగే ఉక్కు పట్టాను కొయ్య చట్రానికి వేలాడదీసి, పెద్ద సుత్తితో కొట్టేవి. ఊరి కూడలిలో అలాంటి ఇనుప వలయం వేలాడుతున్న బొమ్మ చూసి, అది ఏదో శిల్పమని వివరణ రాసినవారు ఉంటే ఆశ్చర్యం లేదు.

స్తంభానికి అమర్చిన చిన్న ఎర్ర పెట్టె కూడా అలాంటిదే. 1852లో బోస్టన్‌లో మొదలైన టెలిగ్రాఫ్ అలారం పద్ధతి తర్వాత గేమ్‌వెల్ పేరుతో దేశమంతా వ్యాపించింది. పెట్టెలోని మీట లాగితే దాని సంఖ్య గంట దెబ్బలుగానో, హారన్ కూతలుగానో వినబడేది. 23వ పెట్టె అయితే రెండు దెబ్బలు, కాస్త ఆగి మూడు. సభ్యులు ఇంట్లో తగిలించుకున్న అచ్చు కార్డు చూసి ఏ వీధికి పరుగెత్తాలో తెలుసుకునేవారు. బొమ్మలో పెట్టె మీద సంఖ్య స్పష్టంగా ఉంటే అది దొరికిన నిధి, ఎందుకంటే ఆ కార్డులు చాలా ఊళ్ల చరిత్ర సంఘాల దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

మనుషులు

స్వచ్ఛంద దళాన్ని జీతాల దళం నుంచి వేరుచేసేది బట్టలు. జీతాల దళం కేంద్రంలోనే పడుకుని, పిలుపు రాగానే ఒకే రకం దుస్తుల్లో బయలుదేరుతుంది. స్వచ్ఛంద సభ్యుడు ఉన్నచోటి నుంచి, ఉన్న బట్టలతో వస్తాడు. మంగలి దుకాణపు తెల్ల అంగీ మీద రబ్బరు కోటు, పైజామా మీద బూట్లు, టై కట్టుకున్న మెడకు పైన హెల్మెట్ కనిపిస్తే చిత్రకారుడు హాస్యం కోసం వేసినా సత్యానికి దూరంగా వెళ్లలేదనుకోవచ్చు. బొమ్మలో అందరూ చక్కగా ఒకే యూనిఫాం వేసుకుని ఉంటే, అది మంటకు వెళ్లే దృశ్యం కాక ఊరేగింపు దృశ్యం అయి ఉండవచ్చు. చిన్న దళాలకు ఊరేగింపు దుస్తులు ప్రత్యేకంగా ఉండేవి, వాటికి బ్యాండూ బహుమతులూ కూడా ఉండేవి.

హెల్మెట్‌కు ముందు పలక, వెనుక పొడవైన అంచు ఉన్న తోలు నమూనా పందొమ్మిదో శతాబ్దంలో న్యూయార్క్‌లో హెన్రీ గ్రాటాకాప్ రూపొందించినది. వెనుక అంచు మెడ మీద నీళ్లు పడకుండా కాపాడుతుంది. ముందు పలక మీద దళం పేరు మొదటి అక్షరాలూ సంఖ్యా ఉంటాయి. వాటిని తప్పక చదవాలి. అధిపతికి తెల్ల హెల్మెట్ ఇవ్వడం విస్తారంగా ఉన్న ఆచారమే గాని, దానికి దేశమంతటికీ వర్తించే నియమం లేదు. చేతిలో కొమ్ములాంటి లోహపు బాకా ఉన్న వ్యక్తి అధికారి. రేడియోలు లేని రోజుల్లో ఆజ్ఞలు దానిలోంచే అరిచేవారు, తర్వాత అది అలంకారంగా మిగిలి, ఇప్పటికీ అధికారుల బ్యాడ్జీల మీద గుర్తుగా ఉంది. నల్ల మచ్చల డాల్మేషన్ కుక్కను మాత్రం ఆధారంగా తీసుకోవద్దు. గుర్రాలు బండ్లు లాగిన కాలంలో వాటికి తోడుగా పరుగెత్తే జాతి కావడం వల్ల దానికా సంబంధం ఏర్పడింది. గుర్రాలు పోయిన తర్వాత కూడా ముఖచిత్రాల్లో అది ఉండిపోయింది.

చిత్రకారుడి అలవాట్లు

ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే ఊరి విషయంలో వచ్చే తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. ముఖచిత్రం వార్తాచిత్రం కాదు. కొన్ని నెలల ముందే ఊహించి, సంపాదకులకు నమూనా చూపించి, ఆమోదం పొంది వేసిన బొమ్మ. డిసెంబర్ సంచికలోని మంచు చాలాసార్లు వేసవిలో వేసిన మంచు. రాక్‌వెల్ వంటివారు ఇరుగుపొరుగువారినే నమూనాలుగా నిలబెట్టుకుని, ఫొటోలు తీయించుకుని, ప్రొజెక్టర్‌తో వాటి రూపురేఖలను కాగితం మీద పడేలా చేసి గీసుకునేవారు. కాబట్టి బొమ్మలోని ముఖం ఒక నిజమైన మనిషిదే అయినా, ఆ మనిషి ఎన్నడూ గొట్టం పట్టని వ్యక్తి కావచ్చు. బండి ఒక ఊరిది, భవనం ఇంకో ఊరిది, ముఖాలు చిత్రకారుడి వీధివి అయి ఉండటం సర్వసాధారణం.

అందుకే బొమ్మ వేసిన ఏడాది చిత్రకారుడు ఎక్కడ నివసిస్తున్నాడో మొదట తెలుసుకోవాలి. రాక్‌వెల్ 1939 నుంచి 1953 వరకు వెర్మాంట్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో, ఆ తర్వాత మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్‌లో ఉన్నాడు. అతని సహచరుడు మీడ్ షేఫర్ కూడా ఆర్లింగ్టన్‌లో కొంతకాలం ఉన్నాడు. పోస్ట్‌కు వందకు పైగా ముఖచిత్రాలు వేసిన స్టీవన్ డొహానోస్ కనెక్టికట్‌లోని వెస్ట్‌పోర్ట్‌లో స్థిరపడ్డాడు. చిత్రకారుడు తన ఊరికి దగ్గరలోని కేంద్రానికి వెళ్లి గీసుకోవడం దూరం వెళ్లడంకంటే సహజం కనుక, చిత్రకారుడి ఇంటి చుట్టుపక్కల ఊళ్లతో మొదలుపెడితే శ్రమ తగ్గుతుంది.

చిత్రకారుడి జీవితంలోని సంఘటన కూడా ఒక్కోసారి బొమ్మకు మూలమవుతుంది. 1943 మే 15న ఆర్లింగ్టన్‌లో రాక్‌వెల్ స్టూడియో కాలిపోయింది. చిత్రాలు, దుస్తులు, సేకరించుకున్న పాత సామాను బూడిదయ్యాయి. తన పైపు నిప్పే కారణమై ఉంటుందని అతనే అనుకున్నాడు. సుమారు ఏడాదికి, 1944 మే 27 పోస్ట్ సంచిక మీద అతను వేసిన బొమ్మలో, ఫ్రేములో ఉన్న ఒక పాతకాలపు అగ్నిమాపకుడి చిత్తరువు కింది నుంచి వస్తున్న చుట్టపొగను కళ్లురిమి చూస్తూ ఉంటుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, కానీ చూసిన ప్రతిసారీ ఉందనే అనిపిస్తుంది. ఇలాంటి చోట వివరణ రాసేవారు రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి ఊరుకోవాలి, ‘అందువల్ల’ అన్న మాట మాత్రం వాడకూడదు.

ఊరిని తేల్చడం

ఇప్పుడు ఊరి దగ్గరికి రావచ్చు. మొదట వెతకవలసింది అదే సంచిక లోపలి పేజీలు. 1940ల, 1950ల పోస్ట్ సంచికల్లో ముఖచిత్రం గురించి చిన్న వ్యాఖ్య ఉండేది. అందులో ఊరి పేరు ఉండవచ్చు, చిత్రకారుడు ఏమేమి మార్చాడో కూడా ఉండవచ్చు. ఒక్క అట్టతో సరిపెట్టుకోకుండా పూర్తి సంచికను సంపాదించాలనడానికి ఇదొక్కటే కారణం చాలు. రెండోది ఊరి వారపత్రిక. తమ దళం జాతీయ పత్రిక అట్ట మీద వచ్చిందంటే చిన్న ఊరి పత్రిక మౌనంగా ఉండదు. సంచిక తేదీకి ముందు రెండు వారాలు, తర్వాత నెల రోజుల పాటు ఆ పత్రిక పాత ప్రతులు తిరగేయాలి. ఏమీ లేకపోతే, ఆ మౌనాన్ని కూడా ఆధారంగానే లెక్కించాలి.

మూడోది దళం సొంత పుస్తకాలు. స్వచ్ఛంద దళాలకు నెలనెలా సమావేశాలు, వాటికి మినిట్స్ పుస్తకాలు ఉంటాయి. బండి ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టి కొన్నారు, ఏ విందులో ఎంత వసూలైంది, ఎవరు జరిమానా కట్టారు అన్నవన్నీ వాటిలో ఉంటాయి. బొమ్మలోని బండి నమూనాను వాళ్లు ఎన్నడూ కొనలేదని తేలితే, ఊరివాళ్లు ఎంత నొచ్చుకున్నా, బండి మటుకు వేరే చోటిదని ఒప్పుకోవలసిందే. ఈ పుస్తకాలు చూడటానికి ఉత్తరం రాసేటప్పుడు ‘ఇది మీ దళమేనా’ అని అడగవద్దు, అవునన్న జవాబే వస్తుంది. ‘1940కి, 1950కి మధ్య మీ దగ్గర ఏయే బండ్లు ఉండేవి, కేంద్రం ఏ వీధిలో ఉండేది, బురుజు ఉండేదా’ అని అడగాలి. ఇలాంటి దళాలు గతానికి చెందినవి మాత్రమే అనుకుని వెనుకాడవద్దు. జాతీయ అగ్నిరక్షణ సంఘం లెక్కల ప్రకారం 2020లో కూడా ఆ దేశపు అగ్నిమాపక సిబ్బందిలో సుమారు 65 శాతం స్వచ్ఛంద సభ్యులే. ఉత్తరానికి జవాబిచ్చేది పగలు వేరే ఉద్యోగం చేసుకునే మనిషి కాబట్టి, కొన్ని వారాలు ఆగవలసి రావచ్చు.

నాలుగోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, సాన్‌బార్న్ పటాలు. 1867లో మొదలైన ఈ పటాల కంపెనీ అగ్నిప్రమాద బీమా సంస్థల కోసం వేలాది ఊళ్లను ఒక్కో భవనం చొప్పున గీయించింది. ఇటుక కట్టడాలకు గులాబీ రంగు, కొయ్య కట్టడాలకు పసుపు, రాతి కట్టడాలకు నీలం వాడేవారు. అగ్నిమాపక కేంద్రం ఎక్కడుందో చూపడమే కాక, దళం స్వచ్ఛందమా జీతాలదా, మనుషులెందరు, గొట్టం ఎన్ని అడుగులు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అన్నది కూడా చాలా పటాల మొదటి పేజీలో రాసి ఉంటుంది. వీటిలో పెద్ద భాగాన్ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచింది. బొమ్మలో కేంద్రానికి ఎడమవైపు మూడంతస్తుల ఇటుక మేడ, కుడివైపు కొయ్య ఇల్లు ఉంటే, పటంలో గులాబీకీ పసుపుకూ నడుమ అగ్నిమాపక కేంద్రం ఉందేమో చూడాలి. ఆ వరుస తిరగబడి ఉంటే బొమ్మ తిప్పి వేసినదేమోనన్న అనుమానాన్ని మళ్లీ ముందుకు తేవాలి. ఇటువంటి పటం రెండు ఊళ్ల దావాను ఒక్క సాయంత్రంలో తీర్చగలదు.

ఇవన్నీ చూశాక వివరణ రాయాలంటే మూడు స్థాయిలు పాటించడం మంచిది. లోపలి వ్యాఖ్యలో గాని, ఆనాటి ఊరి పత్రికలో గాని పేరు ఉంటే ‘ఫలానా ఊరి దళం’ అని రాయవచ్చు. బండి, భవనం, పటం మూడూ కలిసినా లిఖిత సాక్ష్యం లేకపోతే ‘ఫలానా ఊరి కేంద్రాన్ని పోలినది’ అనాలి. ఊరివాళ్ల నోటిమాట తప్ప వేరే ఆధారం లేకపోతే ‘ఫలానా ఊరి దళమని ఆ ఊరివారు చెబుతారు’ అని రాయాలి. నోటిమాటను పూర్తిగా తీసేయవద్దు. తాతను నమూనాగా నిలబెట్టిన సంగతి ఏ పత్రికలోనూ లేకుండా ఇంట్లో మాత్రమే మిగిలి ఉండవచ్చు.

దాచడం, వాడుకోవడం

ఆ కాలపు పత్రికల కాగితం ఆమ్లం ఎక్కువ ఉన్న కొయ్యగుజ్జుతో చేసినది కాబట్టి పసుపెక్కి, పెళుసై, మడతల దగ్గర విరుగుతుంది. అసలు ప్రతిని ఆమ్లం లేని అట్టతో కలిపి పారదర్శకమైన పాలిస్టర్ తొడుగులో పెట్టి, చీకటిగా, చల్లగా, తేమ లేకుండా ఉన్న చోట పడుకోబెట్టాలి. చిరిగినచోట సెల్లోటేపు వేయడం, మొత్తానికి లామినేషన్ చేయించడం రెండూ తిరిగి సరిదిద్దలేని పనులు. గోడకు తగిలించడానికి మంచి స్కాన్ తీసి దాని ప్రింటు వాడితే చాలు. ఎరుపు రంగు ఎండకు వెలిసిపోయిందంటే ఫైరింజను బొమ్మలో మిగిలేది పెద్దగా ఉండదు.

స్కాన్‌ను ఇంట్లో పెట్టుకోవడం వేరు, పుస్తకంలో గాని, టీ చొక్కా మీద గాని అచ్చు వేయడం వేరు. అమెరికా చట్టం ప్రకారం ఆ కాలపు ప్రచురణలకు హక్కు ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్లు. ఉదాహరణకు 1931 నాటి ముఖచిత్రం 2027 జనవరి 1న అందరిదీ అవుతుంది. 1963 వరకు వచ్చినవాటికి 28వ ఏట హక్కును పొడిగించుకోవలసిన నియమం ఉండేది కాబట్టి, పొడిగించని పత్రికల బొమ్మలు ముందే విడుదలైపోయి ఉంటాయి. కానీ పెద్ద పత్రికల విషయంలో పొడిగింపు జరిగిందనుకుని, హక్కుదారులను అడిగి అనుమతి తీసుకోవడమే క్షేమం. దళం తన విందు కరపత్రం మీద తన బొమ్మే వేసుకున్నా ఈ అనుమతి తప్పదు. బొమ్మలో ఉన్నది తమ బండి, తమ తాతలు అయినంత మాత్రాన బొమ్మ మీద హక్కు వారికి రాదు.